కెమెరానుండి గాలిలో పోతున్నది ఫోటో ఒక్కటేనా?

ఖరగ్‌పూర్ గోల్ బజార్‌లోను, మలంచలోను, ఇందాలోను పెళ్లిఫోటోలు తీసే స్టూడియోలలోకి గత కొద్ది సీజన్లుగా ఒక కొత్త ఏర్పాటు ప్రవేశించింది. ఫోటోగ్రాఫరు మీట నొక్కిన మరుక్షణం ఫోటో కెమెరానుండి తీగ లేకుండా బయలుదేరుతున్నది. మండపంలో ఒక మూల వుంచిన ల్యాప్‌టాప్‌లోకి గాని, ఇంటర్నెట్ ద్వారా నేరుగా స్టూడియో కంప్యూటర్‌లోకి గాని చేరుతున్నది. అక్కడ మనిషి చేయి తగలకుండానే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దానిని లోనికి తీసుకొని, ముందుగా నిర్ణయించిన రంగులు అద్ది, పేరూ సంఖ్యా రాసి, వరుసలో నిలబెడుతున్నది. పెళ్లికొడుకు మేనమామ భోజనాల పంక్తిలోనుండి లేవకముందే తన ఫోటోను తన ఫోనులో చూసుకొని మురిసిపోతున్నాడు.

ఈ ఏర్పాటును మేము వ్యతిరేకించడం లేదు. ఈ మాటను మొదటనే చెప్పవలసి వస్తున్నది, ఎందుకంటే కార్మికసంఘం నోరు విప్పగానే యంత్రం మీద రాళ్లు విసిరేవారుగా మమ్మల్ని చిత్రించడం యాజమాన్యాలకు పూర్వంనుండీ అలవాటైన విద్య. మా ప్రశ్న వేరు. కార్డు తీసి, కంప్యూటర్‌కు తగిలించి, నకలు చేసి, ఏరి, సరిదిద్దే ఆ గంటలు మిగిలినాయని యజమానులే చెపుతున్నారు. మిగిలిన ఆ గంటలు ఎవరి ఖాతాలో జమ అయినాయి?

రైలు కార్మికుల సమస్యలతో నిండవలసిన ఈ బులెటిన్‌లో పెళ్లిఫోటోల గొడవ ఎందుకని కొందరు సోదరులు అడగవచ్చు. అడగాలి కూడా. ఖరగ్‌పూర్‌లో తెలుగువాడంటే ఒకప్పుడు వర్క్‌షాపు మనిషి అని అర్థం. బెంగాల్ నాగపూర్ రైల్వే నాళ్లలో తూర్పు తీరపు లైను వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెలనుండి వచ్చి, ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా చేరి, మథురాకాటి, నింపురా క్వార్టర్లలో సంసారాలు నిలబెట్టినవారి సంతతి ఇది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషా హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, దాని వెనుక వున్నది ఈ తరాల చెమటే. అయితే తాత చేసిన కొలువు మనుమనికి దక్కలేదు. ఖాళీ అయిన పోస్టులు ఖాళీగానే మిగిలి, వున్న పని కాంట్రాక్టర్ల పరమవుతూ వుంటే, ఆ యింటి కుర్రవాడు వాయిదాల మీద ఒక కెమెరా కొని స్టూడియో గుమ్మం ఎక్కినాడు. తాతకు చెక్ నెంబరు వుండేది, సర్వీసు పుస్తకం వుండేది, ప్రావిడెంట్ ఫండు వుండేది. మనుమనికి వున్నది ఫోనులో ఒక సందేశం మాత్రమే: "రేపు రాత్రి నింపురాలో పెళ్లి, ఆరింటికి రా." వీడు కార్మికుడు కాక మరెవడు?

ముందు ఈ యంత్రాంగం ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలి. తెలియని దానితో బేరమాడలేము.

ఇందులో మాయ ఏమీ లేదు. ఒక కంప్యూటర్‌నుండి మరొక కంప్యూటర్‌కు ఫైళ్లు పంపే ఎఫ్.టి.పి. అనే పద్ధతి 1971 నుండి వున్నదే. వార్తాపత్రికల ఫోటోగ్రాఫర్ల కోసం కెమెరాకు తగిలించే వైర్‌లెస్ పెట్టెలను నికాన్ 2003లోను, కెనాన్ ఆ మరుసటి యేటను తెచ్చినాయి. 2007లో అడోబి కంపెనీ లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌ను దానికి చూపించి "దీనిని కనిపెట్టి వుండు" అని చెపితే చాలు, అందులో ఏ ఫోటో వచ్చి పడినా తనంతట తానే తీసుకొని, చెప్పిన రంగుల ప్రీసెట్‌ను పూసి, చెప్పిన పేరు రాసి పెడుతుంది. కెమెరా ఆ ఫోల్డర్‌లోకి పంపుతుంది, సాఫ్ట్‌వేర్ ఆ ఫోల్డర్‌నుండి ఎత్తుకొంటుంది. రెండింటి మధ్య వుండిన మనిషి అక్కరలేదు. 2022 అక్టోబరులో ఫ్యూజీఫిల్మ్ కంపెనీ, అడోబికి చెందిన ఫ్రేమ్.ఐఓతో కలిసి, మధ్యలో ల్యాప్‌టాప్ కూడా లేకుండా కెమెరానుండి నేరుగా క్లౌడ్‌లోకి ఫోటో పోయే ఏర్పాటును ప్రకటించింది. క్లౌడ్ అంటే మేఘమని భ్రమపడనక్కరలేదు. ఎక్కడో ఎవరో పెట్టుబడిదారుడి గోదాములో వున్న కంప్యూటరే అది.

దారులు రెండు కనుక భారాలు కూడా రెండు రకాలు. మండపంలోనే చిన్న రౌటర్ పెట్టి ల్యాప్‌టాప్‌కు పంపితే ఇంటర్నెట్ ఖర్చు లేదు. కాని ఆ రౌటర్‌నూ ల్యాప్‌టాప్‌నూ మోయడం, కరెంటు చూసుకోవడం, అతిథుల కాళ్లకింద పడకుండా కాపాడడం లైటు పట్టే కుర్రవాని నెత్తిన అదనంగా పడింది. నేరుగా స్టూడియోకు పంపితే దానికి కావలసిన ఇంటర్నెట్ ఎవరిది? ఫోటోగ్రాఫరు సొంత ఫోనుది. ఒక పెళ్లిలో 3,000 ఫోటోలు తీసి, ఒక్కొక్కటి 10 మెగాబైట్ల చొప్పున పంపితే 30 గిగాబైట్లు. రోజుకు రెండు గిగాబైట్ల పథకం వేసుకొన్న కుర్రవాడు ఇది ఎక్కడనుండి తెస్తాడు? అందుకే చిన్న సైజు నకళ్లు పంపుతున్నారు. దానికి కూడా అదనపు డేటా వేయించుకోక తప్పడం లేదు. వర్క్‌షాపులో లేతు నడిచే కరెంటుకు కార్మికుడు తన జేబునుండి బిల్లు కట్టినట్లు మన తాతలు ఎన్నడైనా విన్నారా?

ఇక మిగిలిన గంటల సంగతి.

కార్డు కాలంలో పెళ్లి ముగిసిన తరువాత కార్డులు తెచ్చి, కంప్యూటర్‌లోకి నకలు చేసి, మరొక డిస్కులో ఇంకొక నకలు దాచి, అప్పుడు ఇంటికి పోయేవారు. ముహూర్తం ఏ తెల్లవారుఝామునో అయితే తెల్లవారేది. ఆ రాత్రిపనికి చాలా చోట్ల ఫంక్షన్ రేటు కాక విడిగా ఇంత అని ముట్టజెప్పేవారు. ఎక్కువ కాదు, కాని ఇచ్చేవారు. ఇప్పుడు ఫోటోలు వాటంతట అవే వస్తున్నవి గనుక ఆ డబ్బు కొట్టివేశారు. సరే, పని లేనప్పుడు డబ్బేమిటని యజమాని వాదన. ఆ వాదన నిలబడాలంటే పని లేకుండా పోయివుండాలి. పోయిందా?

పోలేదు. మూడు చోట్లకు చెదిరిపోయింది. ఫోటోగ్రాఫరు ఇప్పుడు మీట నొక్కడంతో పాటు, ప్రతి ఫోటో పోయిందా లేదా అని కెమెరా వెనుక తెరమీద గుర్తును కనిపెట్టాలి. తీగలేని ప్రసారం బ్యాటరీని వేగంగా తినివేస్తుంది గనుక బ్యాటరీలు ఎక్కువ మోయాలి, ఎక్కువసార్లు మార్చాలి. స్టూడియోలో కూర్చున్న ఎడిటరు మునుపు మరునాడు పొద్దున వచ్చి మొదలుపెట్టేవాడు. ఇప్పుడు పెళ్లి జరుగుతూ వుండగానే కూర్చోవాలి. ఎందుకంటే యజమాని పెళ్లివారికి "అప్పటికప్పుడే ఫోటోలు" అని మాట ఇచ్చి దానికి వేరుగా ధర కట్టించుకొన్నాడు. ఈ ముక్కను పాఠకులు గమనించాలి. కార్మికుని వద్ద "పని తగ్గింది" అని కోత, గిరాకీ వద్ద "సేవ పెరిగింది" అని హెచ్చు ధర. ఒకే తీగలేని తీగకు రెండు చివరలా యజమాని చేయే వున్నది.

మూడవది అన్నిటికంటె దుర్మార్గమైనది. కార్డుతో రావలసిన పని లేదు గనుక కుర్రవాణ్ణి ఆ మండపంనుండి ఆ మండపానికే తరుముతున్నారు. పురీ గేట్ వద్ద సాయంత్రం రిసెప్షన్, మలంచలో రాత్రి లగ్నం, తెల్లవారితే తెలుగువారింట జీలకర్ర బెల్లం. ఈ వూళ్లో ఫోటోగ్రాఫరు బెంగాలీల శుభదృష్టీ తెలిసినవాడై వుండాలి, మన తలంబ్రాలూ తెలిసినవాడై వుండాలి. రెండు సమాజాల లగ్నాలూ వాడి ఒక్క ఒంటిమీదనే పడుతున్నవి. మాఘ, ఫాల్గుణ మాసాలలో వాడు ఎప్పుడు పనిలోకి ఎక్కినాడో, ఎప్పుడు దిగినాడో చెప్పగలవారు లేరు.

ఈ ప్రశ్న ఖరగ్‌పూర్‌కు కొత్తది కాదు. లోకో రన్నింగ్ సిబ్బంది సంవత్సరాల తరబడి పోరాడింది సరిగా దీనిమీదనే. బండి కదిలినప్పటినుండి ఆగేదాకా మాత్రమే డ్యూటీ అని అధికారులు లెక్కగట్టేవారు. షెడ్డుకు వచ్చి సంతకం చేసినప్పటినుండి, పని అప్పగించి సంతకం చేసేదాకా డ్యూటీయేనని డ్రైవర్లు, ఫైర్‌మన్లు వాదించారు. 1973 సమ్మె తరువాత, ఆ ఆగస్టులో, డ్యూటీ పది గంటలకు మించరాదన్న సూత్రానికి ప్రభుత్వం ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకొన్న దానిని అమలు జరపడానికి మళ్లీ ఎన్ని పోరాటాలు కావలసివచ్చిందో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. ఆ సంతకం నుండి ఈ సంతకం దాకా అన్న మాట మన తాతలు సంపాదించి పెట్టిన ఆస్తి. దానిని మనుమడు కెమెరా సంచిలో వేసుకొని పోవాలని మేము కోరుతున్నాము. మొదటి బ్యాటరీ బిగించినది ఎక్కడం, చివరి ఫోటో చేరిందని చూసుకొన్నది దిగడం. మధ్యలో ఒక మండపంనుండి మరొక మండపానికి పోయే దారి కూడా డ్యూటీయే.

మొన్నటి సీజనులో ఒక స్టూడియోలో జరిగిన సంగతి మా దృష్టికి వచ్చింది. మండపంలో నాలుగైదు వందల మంది, అందరి చేతుల్లో ఫోనులు. అన్ని ఫోనులూ, రౌటర్లూ ఒకే ఇరుకైన తరంగాల సందులో తోసుకొంటూ వుంటే కెమెరా ప్రసారం మధ్యమధ్య తెగిపోయింది. మంగళసూత్రధారణ ఫోటోలు సమయానికి పెళ్లివారి ఫోనులకు చేరలేదు. కార్డులో భద్రంగానే వున్నవి. ఒక గంట ఆలస్యంగా చేరినవి. అయినా ఆ రాత్రి రేటులో సగం కోసి ఫోటోగ్రాఫరు చేతిలో పెట్టారు. తరంగాలు అడ్డుపడినందుకు మనిషికి జరిమానా! యంత్రం నడిస్తే ఘనత యంత్రం కొన్నవానిది, ఆగితే తప్పు దానిని పట్టుకొన్నవానిది అయినప్పుడు ఇది న్యాయమని ఏ ధర్మాసనం అంటుంది?

యంత్రం ఏరిన ఫోటోలు

ఇప్పుడు మరొక మెట్టు. వచ్చిన ఫోటోలలో మంచివేవో చెడ్డవేవో ఏరే పనిని కూడా యంత్రానికి అప్పగిస్తున్నారు. కళ్లు మూసుకొన్నవీ, ముఖం దొరకనివీ, అదిరినవీ పక్కకు నెట్టే సాఫ్ట్‌వేర్లు అంగట్లో వున్నవి. అవి తీసిపారేసేవి నూటికి చాలా వరకు పారేయదగినవే అని మేమూ ఒప్పుకొంటాము. అదిరిన ఫోటోను కొలిచి చెప్పడంలో యంత్రానికి అలసట లేదు. కాని బెంగాలీ పెళ్లిలో శుభదృష్టికి ముందు వధువు రెండు తమలపాకులతో ముఖం కప్పుకొని పీటమీద వస్తుంది. ఆ ఆకులు తొలగించేముందు క్షణమే ఆ పెళ్లికి ప్రాణం. యంత్రానికి అక్కడ ముఖం లేదు, రెండు ఆకులున్నవి. మన పెళ్లిలో సూత్రం మెడలో పడుతున్నప్పుడు పెళ్లికూతురు కళ్లు మూసుకొంటుంది. యంత్రానికి అది కళ్లు మూసిన ఫోటో. ఇట్లా త్రోసివేసిన వాటిలోనుండి పనికివచ్చేవాటిని మళ్లీ వెదికి తీసేది ఎవరు? ఆ ఎడిటరే. ఆ వెదుకులాటకు ఏ లెక్కలోనూ గంటలు రాయరు, ఎందుకంటే యంత్రం ఏరిందని ముందే రాసివేశారు.

ప్రీసెట్ల గురించి ఒక మాట. ఫోటో వచ్చి పడగానే అద్దే రంగులో తెలుపు ఒక పాలు ఎక్కువగానే వుంటున్నది. శ్రీకాకుళం చామనఛాయ అంతా ఖరగ్‌పూర్ స్టూడియోలో గోధుమపిండి అయిపోతున్నది. చేతితో దిద్దిన రోజుల్లో, అమ్మాయి తండ్రి వచ్చి "మా పిల్ల మా పిల్లలాగే వుండాలయ్యా" అంటే దిద్దే మనిషి వుండేవాడు. ఇది కూలికి సంబంధించిన మాట కాదు గనుక ఇక్కడ ఆపుతాము.

సాధనం ఎవరిది?

కెమెరా తనదే గనుక తాను స్వతంత్రుణ్ణని మన కుర్రవాడు నమ్ముతున్నాడు. యజమాని కూడా ఆ నమ్మకాన్ని పెంచి పోషిస్తున్నాడు. "నీవు కార్మికుడివి కావు, నీవు ఆర్టిస్టువి, నీవే ఒక కంపెనీవి" అంటున్నాడు. పొగడ్తతో కూలి ఎగవేయడం పాతకాలపు భూస్వాములకు కూడా తెలిసిన విద్యే. కెమెరా కొన్నవాడు సాధనం యజమాని ఎంతవరకు అయినాడో పరిశీలిద్దాం.

అమెరికాలో ఐ-ఫై అనే కంపెనీ వైఫై ఇమిడివున్న మెమొరీ కార్డులు తయారుచేసి అమ్మింది. పాత కెమెరాలో ఆ కార్డు వేస్తే చాలు, ఫోటోలు తీగ లేకుండా కంప్యూటర్‌కు చేరేవి. ప్రపంచమంతటా ఫోటోగ్రాఫర్లు ఇష్టపడి కొన్నారు. 2016లో ఆ కంపెనీ, తన పాత కార్డులు ఆధారపడిన సేవను ఆ సెప్టెంబరుతో నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. కార్డు విరగలేదు, కాలలేదు. కొన్నవాని చేతిలోనే వున్నది. అయినా దాని పని ఎక్కడో ఒక కంపెనీ కంప్యూటర్‌తో ముడిపడి వుంది గనుక ఆ ముడి విప్పగానే అది ఉత్త ముక్క అయింది. 2020 వేసవిలో కెనాన్ సంస్థ నడిపే క్లౌడ్ సేవలో కొందరు వాడకందార్లు దాచుకొన్న అసలు ఫోటోలు నష్టపోయినాయని ఆ సంస్థే ప్రకటించింది. ఇక లైట్‌రూమ్ సంగతి. ఒకసారి డబ్బు కట్టి కొనుక్కొంటే శాశ్వతంగా వాడుకోగల చివరి సంచిక 2015 నాటిది. ఆ తరువాత అంతా నెలనెలా అద్దెయే. 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.టి.సి. అడోబి మీద దావా వేసింది: ఒప్పందం మధ్యలో మానుకొంటే కట్టవలసిన రుసుమును చందాదారులకు సరిగా తెలియజేయకుండా దాచిందని, రద్దు చేసుకోవడాన్ని కష్టతరం చేసిందని ఆరోపణ. అంత పెద్ద దేశంలో చదువుకొన్న వాడకందార్లకే ఆ గతి పట్టిందన్న ఆరోపణ వుంటే, బెంగాలీ, హిందీ, తెలుగు తెలిసి ఇంగ్లీషు ఒప్పందం పదిహేను పేజీలు చదవలేని నింపురా కుర్రవాని సంగతి ఏమిటి?

పరాధీనత మన దేశానికి కొత్త కాదు. 1960లో ప్రభుత్వ రంగంలో ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించారు. ఇందు అన్న పేరుతో ఫిల్ములు వచ్చేవి. మన వయసువారి పాత ఫోటోలలో చాలావాటికి ఆధారం ఆ ఫిల్మే. ఆ ఫ్యాక్టరీ నేడు లేదు. దానితో పాటు డార్క్‌రూమ్‌లలో చేతులు మందునీళ్లలో నాననిచ్చి బతికిన కార్మికులు కూడా ఏ ఒప్పందమూ, ఏ పరిహారమూ లేకుండానే కనబడకుండా పోయినారు. వారికి సంఘం లేదు. అంతకంటె ఎక్కువగా చెప్పడానికి ఏమీ లేదు.

ఇక పేరు సంగతి. ప్రతి డిజిటల్ ఫోటో లోపల, బొమ్మతో పాటు, కంటికి కనబడని కొన్ని గడులు వుంటాయి. ఏ కెమెరా, ఏ తేదీ, ఏ గంట, తీసినవారెవరు, హక్కు ఎవరిది. కెమెరా మెనూలో కూడా రచయిత పేరు రాసుకొనే చోటు వుంటుంది. అయితే ఫోటో స్టూడియో కంప్యూటర్‌లోకి వచ్చి పడగానే సాఫ్ట్‌వేర్ ఒక నమూనా ప్రకారం ఆ గడులన్నిటినీ స్టూడియో పేరుతో నింపివేసేటట్లు పెట్టుకొంటున్నారు. ఒక్క రెప్పపాటులో, రాత్రంతా నిలబడి తీసినవాని పేరు చెరిగిపోతున్నది. తరువాత వాడు వేరొక చోట పని అడగబోతే చూపడానికి తన ఫోటో అని రుజువు లేదు.

ఈ విషయంలో చట్టం నోరులేనిది కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఫోటో తీసిన మనిషే దానికి రచయిత. డబ్బిచ్చి తీయించుకొన్నవారికి, లేదా ఉద్యోగంలో పెట్టుకొన్న యజమానికి, హక్కు చెందే సందర్భాలను 17వ సెక్షన్ చెప్పింది. సరే. కాని హక్కు ఎవరికి పోయినా, ఇది నా రచన అని చెప్పుకొనే ప్రత్యేక హక్కు రచయితకే మిగులుతుందని 57వ సెక్షన్ చెపుతున్నది. పెళ్లివారి ఫోటోలు అమ్ముకొంటామని మేము అనడం లేదు. అవి వారి ఇంటి సొత్తు. వారి అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు. తీసినవాని పేరు గడిలో తీసినవాని పేరు వుండాలని మాత్రమే అంటున్నాము. దీనికి యజమానికి ఒక్క పైసా ఖర్చు లేదు. ఆ నమూనాలో ఒక్క వరుస మార్చితే చాలు. ఖర్చు లేని దానిని కూడా ఇవ్వనప్పుడు అది పొదుపు ప్రశ్న కాదు, అధికారపు ప్రశ్న.

ఇది స్టూడియోలతో ఆగే వ్యవహారం కాదు. పత్రికలలో ఏమి జరిగిందో చూడండి. 2013 మే నెలలో అమెరికాలో చికాగో సన్-టైమ్స్ పత్రిక తన 28 మంది ఫోటోగ్రాఫర్లను ఒక్క రోజున తొలగించింది. పులిట్జర్ బహుమతి పొందిన జాన్ వైట్ కూడా వారిలో వున్నాడు. విలేఖరులకు ఫోనుతో ఫోటోలు తీయడం నేర్పుతామని యాజమాన్యం చెప్పింది. మన దేశంలో 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వార్తా ఫోటోగ్రాఫరును పేరుపెట్టి జర్నలిస్టుగా గుర్తించింది. పనిగంటలకు హద్దు పెట్టింది. వేతన బోర్డులకు ఆధారమైంది. చివరిదైన మజీథియా వేతన బోర్డు సిఫారసులను 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ చట్టం కూడా, మరో ఇరవైఎనిమిది చట్టాలతో పాటు, 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌ల కడుపులో కలిసిపోయింది. ఆ కోడ్‌ల మీద మన సమాఖ్య వైఖరి పాఠకులకు తెలిసినదే. అయినా చేతికి దొరికినంత ఆయుధాన్ని వదులుకోరాదు. 2019 వేతనాల కోడ్ 14వ సెక్షన్ ప్రకారం మామూలు పనిగంటలు దాటిన పనికి రెట్టింపుకు తక్కువ కాకుండా కూలి ఇవ్వాలి. అందుకే యజమాని "నీవు ఉద్యోగివి కావు" అన్న మాటను అంతగా పట్టుకు వేలాడుతున్నాడు. రోజూ అతని వాట్సప్ ఆజ్ఞ మీద కదిలి, అతని ప్రీసెట్ పెట్టుకొని, అతని పేరు ముద్రించిన చొక్కా తొడుక్కొని నిలబడినవాడు ఉద్యోగి కాడా?

ఇక మన ప్రత్యర్థుల వాదనలు. స్టూడియో యజమాని కూడా చిన్నవాడే, అప్పులలో వున్నవాడే, గిరాకీల గీచిగీచి బేరాలకు నలిగిపోతున్నవాడే అని కొందరంటున్నారు. ఇందులో నిజం లేకపోలేదు. గోల్ బజార్‌లో చాలా మంది యజమానులు ఒకనాడు లైటు పట్టినవారే. వారి మీద మాకు వ్యక్తిగత ద్వేషం లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ నెలనెలా పిండే అద్దె వారికి కూడా భారమే. ఆ విషయంలో వారు గొంతెత్తితే మేము పక్కన నిలబడతాము. కాని పైనున్నవాడు తనను పిండుతున్నాడు గనుక తాను కిందివాణ్ణి పిండక తప్పదన్న తర్కాన్ని ఒప్పుకొంటే, ఆ గొలుసులో చివర మిగిలేది ఎప్పుడూ లైటు పట్టే కుర్రవాడే. "అప్పటికప్పుడే ఫోటోలు" అని పుచ్చుకొన్న అదనపు ధర ఎంతో లెక్క చూపమనండి. అందులో కార్మికుని వాటా ఎంతో కూర్చుని మాట్లాడదాం.

మనలోనే మరొక వాదన వున్నది. ఈ యంత్రాన్నే రానివ్వకూడదని. 1960ల మధ్యలో కలకత్తా ఇలాకో హౌస్‌లో కంప్యూటర్ నెలకొల్పకుండా జీవితబీమా ఉద్యోగులు రాత్రింబగళ్లు కాపలా కాసిన ఘట్టాన్ని వారు గుర్తు చేస్తున్నారు. ఆ సోదరులకు మా వందనాలు. అయితే అక్కడ ఒక భవనం వుంది, ఒక ద్వారం వుంది, ద్వారం వద్ద నిలబడడానికి వేలాది ఉద్యోగుల సంఘం వుంది. ఇక్కడ యంత్రం మన కుర్రవాని సంచిలోనే వున్నది, వాడే వాయిదాలు కడుతున్నాడు. ఏ ద్వారం వద్ద కాపలా కాస్తాం? పైగా ఈ ఏర్పాటులో మేలు కూడా వున్నది. కార్డు పోయి, విరిగి, పెళ్లి మొత్తం మాయమైన సంఘటనలు మన కుర్రవాళ్లను అప్పులపాలు చేసినవి. తీసిన ఫోటో అప్పుడే మరొక చోట దాగితే ఆ భయం తగ్గుతుంది. తెల్లవారుఝామున కళ్లు మూతలు పడుతూ నకళ్లు చేసే అవస్థ ఎవరికీ ప్రియమైనది కాదు. అది పోయినందుకు సంతోషమే. పోయిన ఆ గంట నిద్రగా మారి కార్మికునికి దక్కాలి. మరొక పెళ్లిగా మారి యజమానికి మాత్రమే దక్కరాదు.

1927లో బి.యన్.ఆర్. యాజమాన్యం పొదుపు పేరుతో వర్క్‌షాపు కార్మికుల తగ్గింపుకు పూనుకొన్నప్పుడు ఖరగ్‌పూర్ కార్మికులు ఎదురు నిలిచారు. యాజమాన్యం లాకౌట్ చేసింది. ఆ పోరాటాల నాయకత్వంలో వరాహగిరి వెంకటగిరి గారు వున్నారు. (అదే గిరిగారు రాష్ట్రపతిభవనంలో వుండగానే 1974 మే సమ్మెను ప్రభుత్వం అణచివేసింది. చరిత్ర ఇట్లాంటి వంకరలు పోతూ వుంటుంది.) నాడు వర్క్‌షాపులో వేలమంది ఒక్క భోం విని ఒక్క గేటునుండి బయటికి రాగలిగారు. నేడు ఫోటోగ్రాఫర్లు ఇద్దరు ముగ్గురు చొప్పున ముప్పై మండపాలలో చెదిరివున్నారు. ఒకరి రేటు ఒకరికి తెలియదు. తెలియనివ్వరు. ఒకడు కాదంటే మరొకడు తక్కువకు వస్తాడన్న భయమే యజమానికి గేటు, గోడ, కాపలాదారు.

కనుక మొదటి పని రేటును బహిరంగం చేయడం. ఫంక్షన్‌కు ఇంత అన్న మాట పోయి, ఎక్కినప్పటినుండి దిగేదాకా గంటల లెక్క రావాలి. తీగలేని ప్రసారం వున్న ఆర్డరుకు, లేని ఆర్డరుకు రేటు ఒకటి కారాదు. ప్రసారానికి కావలసిన డేటా, రౌటర్, అదనపు బ్యాటరీలు స్టూడియో ఖర్చు. ప్రసారం తెగిపోయినందుకు కోత వుండరాదు, కార్డులో ఫోటో భద్రంగా వున్నంతవరకు పని పూర్తి అయినట్లే. ఎడిటరు రాత్రి కూర్చుంటే రాత్రిరేటు. పేరు గడిలో పేరు. యజమాని చందా మానివేసినా, కంపెనీ సేవ నిలిపివేసినా, తాను తీసిన ఫోటోల పట్టిక, తేదీలతో సహా, ఫోటోగ్రాఫరు దగ్గర ఒక నకలు వుండాలి, పెళ్లివారి గోప్యతకు భంగం లేకుండా.

వచ్చే పెళ్లిసీజను మొదలయ్యే లోపల ప్రతి ఫోటోగ్రాఫరు, లైటు పట్టే ప్రతి కుర్రవాడు, ప్రతి ఎడిటరు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోవాలని మేము కోరుతున్నాము. ఫోనులో కాదు, కాగితం మీద. తేదీ, మండపం, మొదటి బ్యాటరీ బిగించిన గంట, చివరి ఫోటో చేరిన గంట, సొంత డబ్బుతో వేయించుకొన్న డేటా, చేతికి వచ్చిన రూపాయలు, కోసిన రూపాయలు, కోతకు చెప్పిన కారణం. పేరు రాయనక్కరలేదు, స్టూడియో పేరూ అక్కరలేదు. నెలాఖరున ఆ పుటను మన స్థానిక కార్యాలయంలో అందజేస్తే, అన్నిటినీ ఒక చోట కూర్చి యజమానుల ముందు పెడతాము. తెలుగులో రాసినా, బెంగాలీలో రాసినా, హిందీలో రాసినా తీసుకొంటాము.